నీళ్ళు మోయగల తేలిక బ్యాగు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా ఒకే వస్తువు గురించి వచ్చాయి. లోపల ఫ్రేమ్ ఉండి, కిలోకి అటూ ఇటూ మాత్రమే తూగే ట్రెక్కింగ్ బ్యాక్‌ప్యాక్ ఎలా ఎంచుకోవాలని అడిగారు. తలకోన, నాగలాపురం వైపు నడిచేవాళ్ళు రాశారు, ఏడాదికోసారి హిమాలయాలకు వెళ్ళొచ్చేవాళ్ళూ రాశారు. ఒకే తీరు ప్రశ్నలు కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: నీళ్ళూ తిండీ కాకుండా, బ్యాగుతో సహా నా సామాను నాలుగున్నర కిలోలకు తగ్గించుకున్నాను. నాతో నడిచేవాళ్ళంతా ఫ్రేమ్ లేని అర కిలో బ్యాగులే వాడుతున్నారు. నాకేమో ఫ్రేమ్ ఉన్నది తీసుకోవాలని ఉంది. ఆ అదనపు అర కిలో దండగేనా?
— తిరుపతి నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీరు ఏ నెలల్లో నడుస్తారో దాన్నిబట్టి ఉంటుంది. మన కొండల్లో బ్యాగును నిర్ణయించేది సామాను కాదు, నీళ్ళు.

లెక్క వేద్దాం. సామాను 4.5 కిలోలు. రోజుకు 600 గ్రాముల చొప్పున మూడు రోజుల తిండి 1.8 కిలోలు. ఈశాన్య రుతుపవనం వచ్చాక, నవంబరు నుంచి జనవరి దాకా వాగులు పారుతుంటాయి. ఫిల్టరు ఉంటే ఒకటిన్నర లీటరు నీళ్ళతో నడవొచ్చు. మొత్తం 7.8 కిలోలు. ఈ బరువుకు మీ స్నేహితుల మాటే నిజం, ఫ్రేమ్ అక్కర్లేదు. అదే మార్చి వచ్చిందంటే చాలా వాగులు ఎండిపోతాయి. ఎండలో నాలుగు లీటర్లు వీపు మీద లేకుండా బయల్దేరకూడదు. అంటే నాలుగు కిలోలు. మొత్తం 10.3 అవుతుంది. ఫ్రేమ్ లేని బ్యాగు చాలామందికి ఎనిమిది, తొమ్మిది కిలోల దాకానే హాయిగా ఉంటుంది. ఆపైన ప్రతి కిలో నేరుగా భుజాల మీద పడుతుంది.

ఎందుకు పడుతుందో చూడండి. బరువు నడుం బెల్టు మీదికి దిగాలంటే, భుజపట్టీలు కుట్టిన చోటికీ బెల్టుకూ మధ్య నలగని గట్టి వస్తువు ఒకటి ఉండాలి. అదే ఫ్రేమ్. అది లేకపోతే మధ్యలో గుడ్డ నలిగి బ్యాగు కిందికి కుంగుతుంది. మీరు బెల్టు ఎంత బిగించినా బరువు మళ్ళీ భుజాలకే వస్తుంది. ఫ్రేమ్ లేని బ్యాగులో సామాను గట్టిగా కూరితే ఆ బిగువే కొంతవరకు ఫ్రేమ్ పని చేస్తుంది. కానీ రోజురోజుకీ తిండి తగ్గి బ్యాగు వదులవుతుంది కాబట్టి మూడో రోజుకు ఆ బిగువు ఉండదు. ఫ్రేమ్ ఉన్నది సగం ఖాళీ అయినా నిలబడే ఉంటుంది. ఆ అర కిలోకు దొరికే అసలు ఫలితం ఇదే.

ఇక ఏ రకం ఫ్రేమ్? తేలిక బ్యాగుల్లో ముఖ్యంగా మూడు తీరులు కనిపిస్తాయి. నిలువుగా దూర్చే అల్యూమినియం బద్దలు ఒక తీరు. గాసమర్ గేర్ కంపెనీ మారిపోసా బ్యాగులో ఉండేది తీసి పెట్టుకోగలిగే అల్యూమినియం బద్దే. రెండోది కార్బన్ కడ్డీలు. జీప్యాక్స్ కంపెనీ ఆర్క్ రకాల్లో వాటిని విల్లులా వంచి బిగిస్తారు. మూడోది బ్యాగు చుట్టూ తిరిగే చట్రం, దానికి బిగించిన మెష్, అంటే వల గుడ్డ. ఆస్ప్రే ఎక్సోస్ ఈ కోవది. కార్బన్ అన్నిటికంటే తేలిక. కానీ మీ వీపు వంపులోనే నిలిచిపోయేట్టు దాన్ని వంచలేరు. రాయి మీద గట్టిగా పడితే చీలుతుంది, చీలిన కార్బన్ దారిలో బాగుపడదు. అల్యూమినియం వంగితే మోకాలి మీద పెట్టి చేత్తో సరిచేసుకోవచ్చు. మన రాతి కొండలకు మేం చెప్పేది అల్యూమినియం బద్దే. కార్బన్‌తో మిగిలే కొద్ది గ్రాముల కోసం ఈ సౌకర్యం వదులుకోవద్దు.

బద్ద ఉన్న బ్యాగు కొన్నాక చాలామంది చేయని పని ఒకటుంది. బద్దను బయటికి లాగి మీ వీపు వంపుకు వంచుకోవాలి. మామూలుగా నిలబడండి, ఇంట్లో ఒకరిని పక్కనుంచి చూడమనండి. నడుం దగ్గర లోపలికి, భుజాల దగ్గర వెనక్కి తిరిగే వంపు బద్దలోనూ రావాలి. బల్ల అంచు మీద కొద్దికొద్దిగా వంచుతూ రావాలి తప్ప ఒకేచోట మడత పడనివ్వకూడదు. ఒకేచోట ముందుకూ వెనక్కీ పదేపదే వంచితే లోహం అలసి అక్కడే విరుగుతుంది. రెండు బద్దలుంటే ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకే వంపు వచ్చిందో లేదో చూసుకోండి.

ఒక మాట చెప్పి తీరాలి. శేషాచలం అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు, రాత్రి ఉండటం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎర్రచందనం కోసం గస్తీ తిరిగే అడవి అది. పైన వేసిన మూడు రోజుల లెక్క అనుమతి ఉన్న చోట్లకే.

ప్రశ్న: నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. పేరున్న కంపెనీ బ్యాగే, మీడియం సైజు, కిలో కంటే తక్కువ బరువు. అయినా గంట నడిచేసరికి భుజాలు లాగేస్తున్నాయి. బెల్టు బిగిస్తే తొడ పైభాగం తిమ్మిరెక్కుతోంది. లోపం బ్యాగులో ఉందా, నేను వేసుకునే తీరులో ఉందా?
— చిత్తూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఎక్కువ అనుమానం సైజు మీదే. ఫ్రేమ్ ఉన్న బ్యాగుకు కావలసిన కొలత మనిషి ఎత్తు కాదు, వీపు పొడవు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో అది నాలుగైదు సెంటీమీటర్లు తేడా రావచ్చు.

కొలిచే పద్ధతి ఇది. తల ముందుకు వంచండి. మెడ అడుగున, భుజాల వరసలో ఒక ఎముక పొడుచుకొస్తుంది. అది పై గుర్తు. తర్వాత రెండు చేతులూ నడుం మీద పెట్టి, వేళ్ళు ముందుకూ బొటనవేళ్ళు వెనక్కూ ఉండేట్టు తుంటి ఎముకల పైఅంచు మీద ఆనించండి. రెండు బొటనవేళ్ళనూ కలిపే గీత వెన్నెముకను తాకేచోట కింది గుర్తు. టైలరు టేపుతో ఇంకొకరు ఆ రెండు గుర్తుల మధ్య, వీపు వంపు వెంబడే కొలవాలి. సొంతంగా కొలుచుకుంటే ఒళ్ళు వంగి కొలత తప్పుతుంది. చాలా కంపెనీల్లో స్మాల్ సుమారు 38 నుంచి 43 సెంటీమీటర్లు, మీడియం 43 నుంచి 48. ఒక్కో కంపెనీది ఒక్కో తీరు కాబట్టి వాళ్ళ పట్టికే చూడాలి. మీ కొలత 40 దగ్గర వస్తే మీడియం మీకు పొడవైపోయినట్టే.

పొడవైన బ్యాగుతో జరిగేది ఇది. బెల్టును తుంటి మీద సరిగా పెడితే భుజపట్టీల మొదలు భుజం కంటే పైకి వెళ్ళి, పట్టీకీ భుజానికీ మధ్య సందు పడుతుంది. ఆ సందు పోవాలని పట్టీలు లాగితే బ్యాగు వెనక్కి వాలుతుంది. పోనీ పట్టీలు భుజానికి ఆనేట్టు సర్దితే బెల్టు తుంటి కిందికి జారుతుంది. జారిన బెల్టు తుంటి ఎముక ముందు మొనను నొక్కుతుంది. తొడ పైభాగానికీ బయటివైపుకీ స్పర్శనిచ్చే నరం అక్కడినుంచే కిందికి దిగుతుంది. మీ తిమ్మిరి అదే కావచ్చు. బెల్టు సరిచేశాక, రెండు మూడు వారాలు బ్యాగు మోయకపోయినా తిమ్మిరి పోకపోతే డాక్టరుకు చూపించండి.

బెల్టు పొడవు కూడా చూసుకోవాలి. బిగించాక రెండు వైపుల మెత్తల కొసల మధ్య కనీసం నాలుగు వేళ్ళ సందు మిగలాలి. కొసలు ఒకదాన్నొకటి తాకుతుంటే ఆ బెల్టు మీకు పెద్దది, ఇక బిగించడానికి చోటుండదు. నడకల్లో ఒళ్ళు తగ్గేవాళ్ళకు ఇది ఇంకా త్వరగా ఎదురవుతుంది. ఆడవాళ్ళ తుంటి కింద వెడల్పు, పైన సన్నం కాబట్టి నేరుగా కుట్టిన బెల్టు పైఅంచు ఆనకుండా కింది అంచు కోస్తుంది. వాలుగా కోసి కుట్టిన బెల్టు, ఎస్ ఆకారంలో తిరిగిన భుజపట్టీలు ఉన్నవి వెతకండి.

వేసుకునే వరస కూడా చెబుతాం. అన్ని పట్టీలూ వదులు చేయండి. బ్యాగు ఎత్తుకుని, మెత్తల మధ్యభాగం తుంటి ఎముక పైఅంచు మీద కూర్చునేట్టు బెల్టు బిగించండి. ఆ తర్వాతే భుజపట్టీలు, అదీ ఆనేవరకే. ఆపైన భుజం నుంచి ఫ్రేమ్ పైకొసకు వెళ్ళే సన్న పట్టీలు, వాటినే లోడ్ లిఫ్టర్లంటారు, కొద్దిగా లాగండి. అవి భుజం నుంచి సుమారు 45 డిగ్రీల వాలులో వెనక్కి పైకి వెళ్ళాలి. అడ్డంగానో కిందికో పోతుంటే ఫ్రేమ్ మీకు పొట్టి. ఛాతీ పట్టీ చివర్లో. అంతా అయ్యాక భుజం పైన పట్టీ కింద రెండు వేళ్ళు సులువుగా దూరాలి. దూరకపోతే బరువు ఇంకా అక్కడే ఉన్నట్టు.

మీ బ్యాగు మార్చుకునే గడువులో ఉంటే స్మాల్ తీసుకోండి. లేకపోతే అమ్మేసి కొనుక్కోవడమే మంచిది. మీడియం ఫ్రేమ్‌ను కుదించే ఉపాయాలు నిలవవు.

ప్రశ్న: హార్స్‌లీ హిల్స్ వైపు ఎక్కేటప్పుడు వీపంతా చెమటే. గాలి ఆడే మెష్ వీపు ఉన్న బ్యాగు కొనమంటారా?
— మదనపల్లె నుంచి ఒక పాఠకుడు

జవాబు: మంచానికి నవారు అల్లినట్టు ఫ్రేమ్‌కు మెష్ బిగిస్తే, బ్యాగుకూ వీపుకూ మధ్య రెండు మూడు వేళ్ళ ఖాళీ వస్తుంది. గాలి ఆడేది నిజమే. కానీ బరువు వీపుకు అంత దూరం జరుగుతుంది కాబట్టి మిమ్మల్ని వెనక్కి లాగే బలం పెరుగుతుంది. ఎనిమిది కిలోల్లో అది పెద్దగా తెలియదు. పన్నెండు కిలోలతో రాళ్ళ మీద దిగేటప్పుడు తెలుస్తుంది. చట్రం వంపుగా ఉండటంతో లోపలి చోటు కూడా వంకర తిరిగి, తిండి సంచులు సరిగా అమరవు. బరువూ రెండు మూడు వందల గ్రాములు ఎక్కువ పడుతుంది.

చెమట మిమ్మల్ని నిజంగా బాధిస్తే, ఒళ్ళు పేలిపోతుంటే, దారులు శుభ్రంగా ఉన్నచోటే నడుస్తుంటే మెష్ వీపు తీసుకోండి. పొదల్లోంచి నడిచేవాళ్ళకు మాత్రం గాడులు కోసిన ఫోమ్ వీపు చాలు. ఇంకో సంగతి. వీపు మెష్ కంటే ముందు చిరిగేది పక్క జేబుల మెష్. మన ముళ్ళకంపల్లో నెట్ జేబు ఎక్కువ కాలం ఆగదు. పక్క జేబులు దట్టమైన గుడ్డతో కుట్టి, అడుగున నీళ్ళు కారిపోయే రంధ్రం ఉన్నది చూడండి. బ్యాగు దించకుండానే బాటిలు తీసి మళ్ళీ పెట్టగలగడం కూడా షాపులోనే పరీక్షించండి. అందని బాటిల్లోని నీళ్ళు మనిషి తాగడు, అదే ఎండదెబ్బకు మొదలు.

ప్రశ్న: 40 లీటర్లా, 60 లీటర్లా?
— పలమనేరు నుంచి

జవాబు: మన వేడికి లావు స్లీపింగ్ బ్యాగు అక్కర్లేదు కాబట్టి ఇక్కడి నడకలకు 40 చాలు. హిమాలయాలకు కూడా అదే బ్యాగు కావాలంటే 50. అరవై కొంటే అరవై నింపేస్తారు. అయితే తిండి చూసి లెక్కేయండి. బొరుగులు తేలికే కానీ చోటు మింగేస్తాయి. అదే బరువున్న చెనిక్కాయ ఉండలు గుప్పెడు చోటులో సర్దుకుంటాయి, శక్తీ ఎక్కువే. నీళ్ళకు స్టీలు ఫ్లాస్కు వద్దు. రెండు గోడల లీటరు ఫ్లాస్కు ఖాళీగానే అర కిలో దాకా తూగుతుంది. మామూలు ప్లాస్టిక్ లీటరు బాటిలు 30 గ్రాముల లోపే.

ప్రశ్న: నాగలాపురం కొండల్లో మడుగులు దాటుతూ పోతాం. ఒకసారి లోపల బట్టలన్నీ తడిసి బ్యాగు రెండింతలు బరువైంది. రెయిన్ కవరు ఉన్నా ఉపయోగం లేకపోయింది. నీళ్ళు పట్టని గుడ్డతో చేసిన బ్యాగు కొంటే సరిపోతుందా?
— పుత్తూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: గుడ్డ నీళ్ళు పట్టనిదైనా కుట్లలోంచి వస్తాయి. రెయిన్ కవరు వాన పైనుంచి పడితేనే పనిచేస్తుంది. వీపు వైపు కప్పదు, అటునుంచి కారే నీళ్ళు కవరు అడుగున చేరి నిలుస్తాయి. కంప తగిలితే ఊడిపోతుంది కూడా. మీకు కావలసింది లోపలి సంచి. బ్యాగు కంటే పొడవైన, దళసరి పాలిథిన్ సంచిని లోపల పరిచి, బట్టలూ పరుపూ అందులో పెట్టి, గాలి వెళ్ళగొట్టి, మూతి మెలితిప్పి, మడిచి రబ్బరు బ్యాండు వేయండి. బరువు యాభై అరవై గ్రాములే. ఫోన్‌కు ఇంకో చిన్న సంచి వేరుగా ఉండాలి. లోతు నడుం దాటే మడుగులో దిగేముందు బెల్టూ ఛాతీ పట్టీ విప్పేయండి. కాలు జారితే బ్యాగును వదిలేయగలగాలి. దీన్ని మాత్రం దయచేసి నిర్లక్ష్యం చేయొద్దు.

గుడ్డ విషయానికొస్తే, బండల మీద కూర్చుని జారే చోట్ల ముందు అరిగేది అడుగుభాగం. పక్కలు 100 డెనియర్ నైలాన్ అయినా అడుగు 210 డెనియర్ ఉన్నది తీసుకోండి. డెనియర్ అంటే దారం లావు కొలత, అంకె పెరిగేకొద్దీ దారం లావు. డైనీమా కాంపోజిట్ గుడ్డ చాలా తేలిక, చిరుగు పాకదు, నీళ్ళు పీల్చదు. కానీ పలచటి రకాలు గరుకు రాతికి రాపిడి పెడితే త్వరగా రంధ్రాలు పడతాయి. మీరు నడిచే చోటుకు నైలానే మేలు. వీపు, బెల్టు ఫోమ్ పీల్చిన నీళ్ళు మాత్రం ఏ గుడ్డతోనూ ఆగవు. ఒడ్డుకొచ్చాక పిండి, కాసేపు తలకిందులుగా ఆనించండి.

ప్రశ్న: నా దగ్గర ఫ్రేమ్ లేని మంచి బ్యాగుంది, బెల్టు కూడా ఉంది. కొత్తది కొనకుండా దానికే బద్దలు వేయించుకోవచ్చా?
— శ్రీకాళహస్తి నుంచి ఒక పాఠకుడు

జవాబు: వేయించవచ్చు, బెల్టు బ్యాగుకు గట్టిగా కుట్టి ఉంటేనే. బెల్టు ఉత్త నైలాన్ పట్టీ అయితే ఈ శ్రమ వృథా. మోయడానికి మెత్త ఉండాలి.

హార్డ్‌వేర్ షాపులో 12 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం అల్యూమినియం పట్టీ దొరుకుతుంది. 55 సెంటీమీటర్ల ముక్క సుమారు 53 గ్రాములు తూగుతుంది. రెండు వేస్తే 107. షాపులో దొరికే అల్యూమినియం కంపెనీ బద్దల మిశ్రమం కంటే మెత్తన. చేత్తో వంగుతుంది, అలాగే ఎక్కువ బరువుకూ వంగుతుంది. పది పదకొండు కిలోల దాకా నమ్మొచ్చు. పొడవు ఎంత ఉండాలంటే, అడుగున బెల్టు కుట్టిన చోటు నుంచి పైన భుజపట్టీల మొదలు దాటి ఐదారు సెంటీమీటర్లు పైకి రావాలి.

పట్టీ కొసలు ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, టేపు చుట్టండి. రెగ్జిన్ బ్యాగులు కుట్టే షాపులో, లోపలివైపు వెన్నుకు అటొకటి ఇటొకటి, పది పన్నెండు సెంటీమీటర్ల ఎడంతో రెండు నిలువు గొట్టాలు కుట్టించండి. నూలు దారం వద్దు, పాలిస్టర్ దారమే వాడమనండి. గొట్టం అడుగున రెండు మడతల నైలాన్ పట్టీ వేసి, దాన్ని బెల్టు కుట్టు మీదికే కుట్టాలి. చాలామంది తప్పేది ఇక్కడే. బద్ద కొస ఉత్త గుడ్డలో ఆగితే పదిహేను ఇరవై గంటల నడకకే పొడుచుకుని బయటికొస్తుంది. బెల్టుకు దూరంగా ఆగితే బరువు నడుం మీదికి దిగదు. పైన మూత వెల్క్రోది అయితే బద్దలు తీసి బ్యాగు ఉతకొచ్చు. మెషిన్ సూది రంధ్రాల్లోంచి నీళ్ళు రాకుండా సీమ్ సీలరు పూయడం మర్చిపోవద్దు.

అయ్యాక పరీక్ష ఇలా. ఖాళీ బ్యాగులో భుజపట్టీ మొదలు నుంచి బెల్టు పైఅంచుకు కొలవండి. నీళ్ళ బాటిళ్ళతో పది కిలోలు నింపి, వేసుకుని, ఇంకొకరిచేత మళ్ళీ కొలిపించండి. రెండు సెంటీమీటర్లకు మించి తగ్గితే బద్ద వంగుతోందో గొట్టం సాగుతోందో వెతకాలి. షాపులో కొత్త బ్యాగు చూసేటప్పుడు కూడా ఈ పరీక్ష చేయండి. కంపెనీ రాసే బరువును కూడా ఇంటి కాటా మీద సరిచూసుకోండి. మూత, పక్క పట్టీలు, బెల్టు జేబులు తీసేసి తూచిన అంకె రాసేవాళ్ళుంటారు.

ప్రశ్న: తిరుపతి నుంచి విమానంలో వెళ్ళేటప్పుడు ఫ్రేమ్ బ్యాగు క్యాబిన్‌లోకి పట్టుకెళ్ళనిస్తారా?
— తిరుపతి నుంచి

జవాబు: దేశీయ విమానాల్లో క్యాబిన్ హద్దు మామూలుగా 7 కిలోలు, పొడవు 55 సెంటీమీటర్లు. ఫ్రేమ్ బ్యాగు దాదాపు ఎప్పుడూ ఆ పొడవు దాటుతుంది. చెక్ ఇన్ చేయండి. బెల్టును వెనక్కి తిప్పి బకిల్ పెట్టి, పట్టీలు వేలాడకుండా కట్టి, పెద్ద గోనెసంచిలో పెట్టి మూతి కుట్టేయండి. కన్వేయర్‌లో తెగేవి వేలాడే పట్టీలూ బకిళ్ళే.

ప్రశ్న: అటక మీద నాలుగేళ్ళు ఉన్న బ్యాగు దించితే లోపల జిగురుజిగురుగా, తెల్లగా పొట్టు రాలుతోంది. ఫ్రేమ్ బాగానే ఉంది. పనికొస్తుందా?
— చంద్రగిరి నుంచి ఒక పాఠకుడు

జవాబు: గుడ్డ లోపలివైపు నీళ్ళు పట్టకుండా పూసిన పాలీయురెథేన్ పూత అది. వేడి, గాలిలోని తేమ కలిసి దాన్ని విరగ్గొడతాయి. రేకు కిందో శ్లాబు కిందో ఉండే అటక దానికి అన్నిటికంటే చెడ్డ చోటు. పోయిన పూత మళ్ళీ అతుక్కోదు. గోరువెచ్చని నీళ్ళు, బట్టల సబ్బు, మెత్తటి బ్రష్‌తో పొట్టు వచ్చినంతా రుద్ది తీసి, నీడలో రెండు రోజులు ఆరబెట్టండి. నీళ్ళు పట్టకుండా చేసే పని ఇకమీదట పైన చెప్పిన పాలిథిన్ సంచిది.

దానికంటే ముందు కుట్లు చూడండి. భుజపట్టీ మొదళ్ళను రెండు చేతులా పట్టుకుని గట్టిగా గుంజండి. దారం పటపటమన్నా, రంధ్రాలు సాగినా అక్కడ మళ్ళీ కుట్టించాలి. బెల్టు మెత్తను వేళ్ళతో నొక్కి వదలండి. పైకి లేవకుండా అలాగే ఉండిపోతే ఫోమ్ చచ్చింది, బెల్టు మార్చాలి. బకిల్‌ను పదిసార్లు పెట్టి తీయండి, పాతబడ్డ ప్లాస్టిక్ పళ్ళు అక్కడే విరుగుతాయి, అడవిలో కాకుండా ఇంట్లోనే విరిగితే నయం. ఇవన్నీ నిలిస్తే బ్యాగు వాడుకోండి. ఈసారి అటక మీద కాదు, బీరువా పక్కన గాలి తగిలేచోట, పట్టీలన్నీ వదులు చేసి వేలాడదీయండి.